బెల్లం దాటి వంకాయ రంగు

మా ఆవిడ బీజాన్ పోయాక నేను చేసిన రెండు కత్తులూ చెడిపోయాయి. మొదటిది విరిగింది. రెండోది వంగింది. రెండూ చెంచమ్మవే.

చెంచమ్మ జువ్వలదిన్నె హార్బరులో చేపలు కోస్తుంది. వేలంలో చేప కొన్నవాళ్ళు తెచ్చి ముందు పడేస్తే, కత్తిపీట మీద కాలు వేసి కూర్చుని, ఊళ్ళో కబుర్లన్నీ చెబుతూనే పొలుసు తీసి, తల కొట్టి, ముక్కలు చేసి సంచిలో వేసేస్తుంది. ఆ కత్తిపీటకు కత్తి నేనే కొట్టి ఇస్తాను. పక్కన కూర్చునే ఆడవాళ్ళంతా కావలిలో దొరికే తళతళలాడే స్టీలు కత్తులకు మారిపోయారు, ఈమె మారలేదు. అది నా మీద అభిమానం అనుకునేరు. ఆ స్టీలు కత్తులతో మధ్యాహ్నానికల్లా మోచెయ్యి లాగేస్తుందట, అందుకు.

నా పేరు ఇమామ్ సాహెబ్. బొగ్గు ఇంజన్లు నడిచే రోజుల్లో మా నాయన బిట్రగుంట షెడ్డులో ఇనుము పని చేసేవాడు. ఆ ఇంజన్లూ పోయాయి, ఆ షెడ్డూ పోయింది. ఆయన నుంచి నాకు వచ్చిన ఆస్తి ఒక దాగలి, ఒక సమ్మెట, కాస్త కోపం. దాగలి మీద పెట్టి ఇనుము కొడతాను, కోపం మనుషుల మీద వాడతాను. నాకు నోటిదురుసు ఎక్కువని ఊళ్ళో పేరుంది. ఉన్నమాటే.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. నాకు రంగులు సరిగా తెలియవు. పెళ్ళయిన కొత్తలో బీజాన్ ఎర్ర గాజులు కావాలని అడిగితే గూడూరులో ఏరి ఏరి తెచ్చాను. ఆమె వాటిని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎర్రయ్యే గదా ఇయ్యి?" అంది.

"ఎర్రయ్యి గాకపోతే ఏంది? కళ్ళు లేవా నీకు?" అని కసిరాను.

ఆమె వాటినే తొడుక్కుంది. అవి ఆకుపచ్చవని పక్కింటావిడ అన్నప్పుడు గాని నాకు తెలియలేదు. ఆ మర్నాడే బీజాన్ ఒక స్టూలు తెచ్చుకుని కొలిమి పక్కన కూర్చుంది. అప్పటిదాకా నా కత్తులు ఒకటి బాగుండి ఒకటి ఎందుకు చెడిపోతున్నాయో ఆమెకు అర్థమైంది. నాకూ అర్థమైంది. ఆ మాట మాత్రం ఇద్దరిలో ఎవరమూ పైకి అనుకోలేదు.

కత్తికి రెండు వేడులు కావాలి. మొదటి వేడికి నాకు ఎవరి కళ్ళూ అక్కర్లేదు. గుమ్మానికి గోనెపట్టా దించి నా కొలిమి షెడ్డు చీకటి చేస్తే, నిప్పుల్లో ఇనుము ఎంత వెలుగుతోందో నాకూ తెలుస్తుంది. రంగు తెలియనివాడికి వెలుగు తెలియకుండా పోదు కదా. అనుమానం వస్తే, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి తీగకు వేలాడుతూ ఉంటుంది. కాలిన ఉక్కుకు అది అంటుకోవడం మానేసిందంటే వేడి అందినట్టే. వెంటనే ఆయిల్లో ముంచాలి. నేను వాడేది లారీ కమాన్ పట్టీల ఉక్కు. నీళ్ళలో ముంచితే అది పగులుతుంది. బోటు ఇంజన్లలోంచి తీసిన పాత ఆయిల్ దానికి సరిపోతుంది, పైగా ఊరికే దొరుకుతుంది.

ఆయిల్లోంచి తీసిన ఉక్కు లోపల బిగుసుకుపోయి ఉంటుంది. ఆకురాయి పెట్టి రాసినా జారిపోతుంది. అంత గట్టిదీ ఉండదు, అంత పనికిమాలిందీ ఉండదు. చెయ్యిజారి కింద పడితే గాజుపలకలాగా రెండు ముక్కలవుతుంది. అందుకని రెండో వేడి. అంచును ఇటుక ముక్కతో రుద్ది మెరిపించి, కత్తి వీపును నిప్పుల మీద సన్నగా చూపించాలి. వేడి వీపు నుంచి అంచు వైపు పాకుతుంది. దానితోపాటు ఉక్కు మీద రంగులు పాకుతాయి. రంగు మారిన కొద్దీ లోపలి బిగువు సడలుతుంది. గట్టిదనం కొంత పోతుంది, ఆ పోయిన చోటికి ఓర్పు వస్తుంది. తొందరపడి ఆపేస్తే కత్తి విరుగుతుంది, ఆలస్యం చేస్తే వంగుతుంది. ఎక్కడ ఆపాలన్నదే పనంతా.

ఆ రంగులకు బీజాన్ తన పేర్లు పెట్టుకుంది. ముందు ఎండుగడ్డి, తర్వాత బెల్లం, ఆ తర్వాత వంకాయ, ఆఖరికి నెమలి మెడ. చేపలు కోసే కత్తికి బెల్లం దాటి వంకాయ మొదలయ్యే చోట ఆపాలి. నాకు అవన్నీ కొత్త బెల్లం, పాత బెల్లం. ఆమె గోనెపట్టా ఎత్తి వెలుతురు రానిచ్చి, స్టూలు మీద కూర్చుని, నిప్పుకు గాలి కొట్టే బ్లోయరు పిడి నెమ్మదిగా తిప్పుతూ ఉండేది. సమయం వచ్చినప్పుడు "చాలు" అనేది. నేను కత్తిని నీళ్ళతొట్టిలో ముంచేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. పగలంతా ఇద్దరమూ ఆ షెడ్డులోనే ఉండేవాళ్ళం, పోట్లాడుకున్న రోజుల్లో కూడా. మాటలు మానేసిన రోజున కూడా ఆ ఒక్క మాట మాత్రం అనేది.

తుఫాను వచ్చిన ఏడు సముద్రం వైపు తడికె ఎగిరిపోయింది. అప్పటి నుంచి గాలికి నిప్పురవ్వలు లేచి బీజాన్ చీర మీద పడేవి. ఆమె చీరలన్నీ చిల్లులే. అందుకని కొలిమికీ ఆమె స్టూలుకీ మధ్య ఇటుకలతో ఒక అడ్డుగోడ కట్టాను. బ్లోయరు ఆమె వైపే ఉంటుంది, గొట్టం గోడ కిందనుంచి కొలిమిలోకి వస్తుంది.

కట్టేటప్పుడు, "నీకు రంగు కనపడాల గదా?" అని అడిగాను.

"కొంచెం లేచి చూస్తాలే. నువ్వు కట్టు" అంది.

ఆమె లేచి చూసిందో లేదో నేనెప్పుడూ గమనించలేదు. కత్తి పట్టుకున్నవాడి చూపు కత్తి మీదే ఉంటుంది.

పోయిన ఎండాకాలం, చాప మీద మిరపకాయలు ఆరబోస్తూ పక్కకు ఒరిగింది. నేను షెడ్డులోంచి వచ్చేసరికే అయిపోయింది. గుండె అన్నారు. వచ్చినవాళ్ళు వచ్చారు, ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, పోయారు. ఆ తర్వాత ఇల్లు ఎంత పెద్దదో నాకు తెలిసింది. రెండు గదుల ఇల్లు అది. అన్నం ఒక్కడికి ఎంత వండాలో ఇప్పటికీ చేతకాలేదు, మిగిలిపోయింది కాకులకు వేస్తాను. టీవీ పెడితే ఎవరో ఇంట్లోకి వచ్చినట్టుంటుంది, కట్టేస్తే వెళ్ళిపోయినట్టుంటుంది, అందుకని పెట్టడమే మానేశాను. సముద్రం గాలి మాత్రం రోజంతా తలుపు కొడుతుంది. మొదట్లో లేచి వెళ్ళి తీసేవాణ్ణి.

కొలిమిలో స్టూలు అట్లాగే ఉంది. బ్లోయరు ఆమె వైపు ఉండిపోవడంతో, గోడ చుట్టూ తిరిగి వెళ్ళి, నిలబడే నాలుగు తిప్పులు తిప్పి, మళ్ళీ ఇటు పరిగెత్తుకొచ్చేవాణ్ణి. చూసేవాళ్ళుంటే నవ్వేవాళ్ళు. స్టూలు మీద కూర్చుని తిప్పవచ్చు కదా అంటారేమో. కూర్చోలేదు.

మొదటి కత్తి చేసినప్పుడు భయంతో తొందరపడ్డాను. చెంచమ్మ దాన్ని తీసుకెళ్ళిన రోజే తిరిగొచ్చింది.

"సాయిబన్నా, ఇది చూడు. పండుగప్ప తల దీని మీద ఏసినా, అంతే, పెచ్చు లేచిపొయ్యింది. చేప కొన్నాయన మీద మీదకొచ్చినాడు, ముక్కల్లో ఇనుము వస్తా ఉండాదని" అంది.

పెచ్చు లేచిన చోట చూశాను. ఉక్కు విరిగిన చోట దాని లోపల ఎట్లా ఉందో తెలుస్తుంది. ఎక్కువ కాల్చి చెడగొడితే ఉప్మారవ్వలాగా ముతకగా ఉంటుంది. ఇది మైదాపిండిలాగా సన్నగా ఉంది. అంటే మొదటి వేడి తప్పలేదు, రెండోదే తప్పింది. నా వంతు సరిగ్గా ఉంది. బీజాన్ వంతే లేదు.

రెండో కత్తి దగ్గర నిప్పుల మీద ఎక్కువసేపు ఉంచాను. ఈసారి చెంచమ్మ అరవను కూడా లేదు. మడతపడిన అంచును నా ముందు పెట్టి, "ఇదేందన్నా, అరిటాకు మడతబడినట్టు పడింది?" అని నెమ్మదిగా అడిగింది. ఆ నెమ్మది నన్ను ఎక్కువ బాధపెట్టింది. నీ చేతిలో పని పోయిందని ఊరంతా అనుకుంటున్నారని, ఆమె మాత్రం ఆ మాట అనదలుచుకోలేదని తెలిసిపోయింది.

మా అన్న కొడుకు నవీద్‌కు గూడూరులో వెల్డింగ్ షాపు ఉంది. మంచివాడు. రోజూ ఫోన్ చేస్తాడు, అదే చిరాకు. కత్తులు చెడుతున్నాయని చెబితే ఫోనులో ఏదో బొమ్మ పంపించాడు. ఉక్కు ఏ వేడికి ఏ రంగు తిరుగుతుందో వరసగా చూపించే పట్టీ.

"చూసినావా చిన్నాయనా? ఒక్కో గడి ఒక్కో రంగు. దాన్ని పక్కన పెట్టుకుని చేసుకో" అన్నాడు.

"చూసినా. బాగుండాది" అన్నాను.

ఒక బెల్లం దిమ్మను ముక్కలు చేసి వరసగా పేర్చినట్టుంది నాకు.

ఆఖరికి, "ఒక్కడివే ఆడుండి ఏం జేస్తావు? దాగలి తెచ్చి నా షాపులో పెట్టుకుందాం. నువ్వొచ్చి కుర్చీలో కూర్చుని నాకు మంచీచెడ్డా చెప్పు చాలు" అన్నాడు. శుక్రవారం నమాజు అయ్యాక బండి తీసుకుని రమ్మన్నాను. దాగలి లేని షెడ్డు నాది కాదు, షెడ్డు లేని ఊరు కూడా నాది కాదు. ఆ సంగతి తెలిసే రమ్మన్నాను. ఇంకో కత్తి చెడగొట్టి, ఇంకోసారి చెంచమ్మ నెమ్మదిగా అడిగితే వినే ఓపిక నాకు లేదు.

గురువారం పొద్దున చెంచమ్మ వచ్చింది. కత్తి ఊడిన పీట చంకలో పెట్టుకుని గడప మీద కూర్చుంది.

"ఇంకోటి చేసియ్యన్నా. అరువు కత్తితో కోస్తా ఉండా, చెయ్యి పడిపోతా ఉండాది."

"కావలి పొయ్యి స్టీలుది తెచ్చుకోమ్మే. రేపు నవీద్ వస్తా ఉండాడు. దాగలి ఎత్తుకుపోతాడు, నేనూ పోతా."

"నీ చెయ్యికేమైంది?"

"చెయ్యికేం గాలే."

"మరి?"

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, కాని ఎదురుగా ఉన్నది ఆమే. "నాకు రంగులు తెలీవు! తెలిసిందా? ఎప్పుడూ తెలీవు. ఎరుపేదో పచ్చేదో తెలీదు. కత్తి మీద రంగు చూసేది బీజాను. ఆమె చాలంటే నేను ముంచేవాణ్ణి. ఇప్పుడు అనేదానికి ఎవరూ లేరు. పో, పొయ్యి హార్బరంతా చెప్పుకో!" అని అరిచాను.

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. పీటను పక్కన పెట్టి నా వైపు అదోలా చూసింది.

"రంగు చూసేది బీజానక్కా?"

"ఆఁ."

"ఎట్టా చూసేదన్నా? అక్కకు కళ్ళు కనపడక ఎన్నేండ్లయింది!"

"ఏం కూస్తా ఉండావు?"

"కూసేదేముండాది? రోజూ చేపకు నా కాడికే గదా వచ్చేది. మొదట్లో మొప్ప ఎత్తి ఎరుపుండాదా లేదా ఆమే చూసుకునేది. తర్వాత తర్వాత చేప నా చేతికే ఇచ్చి, చెంచమ్మా, ఎర్రగా ఉండాదా చెప్పు అనేది. ఒకనాడు పట్టుకున్నా. నీకు కనపడ్డంల్యా గదక్కా అంటే నా నోరు మూసింది. పొర కమ్మిందే, మనుషులు ఆకారంగా కనపడతారు, రంగులు పోయినాయి అనింది. తుఫానుకు ముందు మాట ఇది."

కొలిమిలో నిప్పు ఇంకా రాజేయలేదు, అయినా నాకు ఒళ్ళంతా వేడెక్కింది. ఒకే ఇంట్లో, ఒకే కంచం పక్కన కూర్చున్నవాణ్ణి. ఆమె తడుముకోకుండా కూర వండింది, తడుముకోకుండా నాకు వడ్డించింది. నాకెందుకు తెలియలేదు?

"నాతో చెప్తే నెల్లూరు తీసకపోనా? ఆపరేషను చేయించనా?"

"నేనూ అదే అన్నా. ఆపరేషను చేస్తే పొగ కాడ కూర్చోవద్దంటారంట. పైగా, నాకు కనపడదని తెలిస్తే ఆయన మళ్ళా కత్తి ముట్టుకోడే అనింది."

"మరి చాలు అని ఎట్టా అనేది? అన్నీ మంచి కత్తులే గదా వచ్చినాయి!"

"అదీ అడిగినా. ఆయనకు తెలుసే, తెలుసని ఆయనకు తెలీదంతే అని నవ్వింది. సమయానికి నువ్వు ఊపిరి బిగబడతావంట. భుజాలు ఆడ్డం ఆగిపోతాయంట. అప్పుడు చాలు అనేదంట."

"పచ్చి అబద్ధం. లే, బయటికి పో" అన్నాను.

"కత్తి ఇయ్యి, పోతా" అంది చెంచమ్మ, గడప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ.

ఆ కోపంలోనే కొలిమి రాజేశాను. సర్కారుతుమ్మ బొగ్గు చిటపటలాడింది. కమాన్ పట్టీ ముక్క కొట్టి వంపు తిప్పేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమె మాట్లాడకుండా చూస్తూ కూర్చుంది. చెంచమ్మ మాట్లాడకుండా అంతసేపు కూర్చోవడం ఎవరూ ఎరగరు. గోనెపట్టా దించాను. అయస్కాంతం అంటుకోవడం మానేసింది. ఆయిల్లో ముంచాను, మంట లేచి ఆరింది. అంచును ఇటుకతో రుద్దాను. గోనెపట్టా ఎత్తాను. ఎవరి కోసం ఎత్తానో తెలియదు, అలవాటు.

వీపును నిప్పుల మీద పెట్టాను. మునుపటి రెండు కత్తులూ ఎక్కడ చెడ్డాయో అప్పుడు అర్థమైంది. మొదటిసారి బెదిరిపోయి, చెయ్యి ఇంకా ఏదీ చెప్పకముందే లాగేశాను. రెండోసారి చెయ్యి చెప్పింది, కాని నేను ముంచలేదు. ఎదురుచూశాను. గోడ అవతల ఖాళీ స్టూలు చాలు అంటుందని, ఇంత వయసొచ్చినవాణ్ణి, కళ్ళు తెరుచుకుని ఎదురుచూశాను.

ఇప్పుడు పటకారు మీదుగా వేడి మణికట్టుకు వస్తోంది. అంచు మీద మిగిలిన ఆయిల్ వాసన ఘాటు తగ్గింది. సన్నగా లేస్తున్న పొగ ఆగింది. అంచు మెరుపు కాస్త మందగించినట్టయింది. ఇవన్నీ ఎన్నాళ్ళుగా జరుగుతున్నాయో, నేను ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు, నాకు ఆ మాట వినపడితే చాలు కాబట్టి. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపించింది. ఎందుకు ఇంత గట్టిగా వినిపిస్తోందా అనుకుంటే, ఊపిరి ఆగి ఉంది.

ఎవరూ ఏమీ అనలేదు. తొట్టిలో ముంచాను.

బయటికి తీసి చెంచమ్మకు చూపించాను. "ఇదేం రంగు?"

ఆమె కొంగుతో తడి తుడిచి, వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. "ఈ పక్కంతా పాకంలో మాడిన బెల్లం మాదిరి ఉండాది. అంచు కాడ వంకాయ తొడిమ దగ్గర ఉంటాదే, ఆ రంగు" అంది.

నేను దాగలి మీద కూర్చుండిపోయాను. కత్తిని పీటకు నేను బిగించి ఇచ్చేదాకా ఆమె ఆగి, పీట చంకలో పెట్టుకుని వెళ్ళింది.

శుక్రవారం పొద్దునే హార్బరుకు వెళ్ళాను. చెంచమ్మ ముందు పెద్ద వంజరం, దాని పక్కన ఒక పండుగప్ప ఉన్నాయి. నన్ను చూసి ఆమె తల ఊపింది. నేను ఐసు పెట్టెల వెనక నిలబడ్డాను.

నిజం చెబుతున్నాను, ఆ కత్తి విరగాలని కోరుకున్నాను. విరిగితే చెంచమ్మ చెప్పిందంతా కట్టుకథ. బీజాన్ కళ్ళు బాగానే ఉన్నాయి, రంగు ఆమే చూసింది, నా ప్రతి కత్తిలో సగం ఆమెది. ఆమె ఆ పొగలో ఒక పని కోసం కూర్చుంది. విరగకపోతే మాత్రం, కళ్ళు పోయిన ఇన్నేళ్ళూ ఆ స్టూలు మీద ఆమెకు గాలి తిప్పడం తప్ప పనేమీ లేదు. కళ్ళు మండుతున్నా, ఒంట్లో బాగలేకపోయినా, ఊరికే, నాతో ఉండటానికే కూర్చుంది. దానికి నేను ఒక్కనాడు కూడా ఏమీ అనలేదు. ఏమనాలో కూడా నాకు తెలియదు.

చెంచమ్మ పండుగప్ప తలను కత్తికి ఆనించి, రెండు చేతులా బలంగా నొక్కింది. ఎముక ఫటుక్కుమంది. తల రెండుగా విడిపోయింది. ఆమె అంచును బొటనవేలితో తడిమి చూసి, నీళ్ళు చల్లి, వంజరం అందుకుంది. దాన్ని కూడా కోసింది. ఆ తర్వాత వచ్చిన చేపలన్నీ కోసింది. కత్తికి ఏమీ కాలేదు.

నేను వెనక్కి తిరిగి సముద్రం వైపు నిలబడి ఏడ్చాను. హార్బరులో ఆ గోలలో ఎవరూ పట్టించుకోలేదు. మిరపకాయల చాప పక్కన కూడా నేను అట్లా ఏడవలేదు.

నమాజు అయ్యాక నవీద్ బండి వేసుకుని వచ్చాడు, తాళ్ళు కూడా తెచ్చుకున్నాడు. దాగలి ఇవ్వనని చెప్పాను. వాడు కాసేపు బతిమాలాడు, కాసేపు అలిగాడు. అన్నం తిన్నాక సర్దుకున్నాడు. ఆ రోజు అన్నం ఇద్దరికీ సరిపోయింది.

"ఎట్టాగూ వచ్చినా గదా. బండిలో నా ఉలి ఉండాది, మొన పోయింది. దానికి వేడి పెట్టుకునిపోతా" అని కొలిమి దగ్గర నిలబడ్డాడు. "నువ్వు గాలి తిప్పు చిన్నాయనా."

గోడ చుట్టూ తిరిగి వెళ్ళాను. నిలబడి తిప్పితే నడుము పట్టేస్తోంది. స్టూలు ఉంది. కూర్చున్నాను. బీజాన్ పోయాక ఆ స్టూలు మీద కూర్చోవడం అదే మొదటిసారి. కాదు, ఆమె ఉన్నప్పుడు కూడా నేనెప్పుడూ కూర్చోలేదు.

పిడి తిప్పడం మొదలుపెట్టాను. నిప్పు లేచిన చప్పుడు వినిపించింది, నిప్పు కనపడలేదు. నేను కట్టిన గోడే అడ్డం. మెడ చాచాను, కనపడలేదు. కొంచెం లేచాను. అప్పుడు కొలిమి కనపడింది, కాని పిడి చేతికి అందక ఆగిపోయింది. నవీద్ వెంటనే, "గాలి ఆగింది చిన్నాయనా!" అని అరిచాడు. మళ్ళీ కూర్చున్నాను. బీజాన్ ఉన్నన్నాళ్ళూ నేను ఆ అరుపు అరవవలసిన అవసరం రాలేదు. ఆమె గాలి ఒక్కసారి కూడా ఆగలేదు.

కూర్చుంటే కనపడేది ఒక్కటే. గోడకు పైన, కొలిమి ముందు నిలబడినవాడి మొహం, భుజాలు.

నవీద్ ఉలిని మొదటిసారి ముంచి, రుద్ది, మళ్ళీ నిప్పుల మీద పెట్టాడు. మొహమంతా చెమట. పెదవి కొరుక్కుంటున్నాడు, వాళ్ళ నాయనలాగా.

"చిన్నాయనా, చాలా? రంగు చూసి చెప్పు."

"ఈడ కూర్చుంటే కొలిమి కనపడదురా."

"మరి చిన్నమ్మ రోజంతా ఆడనే కూర్చుని ఏం చూసేది?"

నేను పిడి ఆపకుండా తిప్పుతూనే ఉన్నాను.

"నన్ను" అన్నాను.